ఓడిపోని మాస్టారి యూపీఎస్

నేను ఒక యూపీఎస్‌ని. కరెంటు పోయినప్పుడు కంప్యూటరు ఆరిపోకుండా కాసేపు నిలబెట్టే నల్ల ఇనుప డబ్బాని. పొట్టలో బరువైన బ్యాటరీ, ముఖాన గుండ్రటి మీట, కష్టమొస్తే కీమని అరిచే గొంతు, అంతే నా ఆస్తి. ఆడలేక మద్దెల ఓడన్న సామెత మీరు వినే ఉంటారు. ఆ మద్దెల తరఫున ఎవరూ ఇంతవరకూ మాట్లాడలేదు కాబట్టి నేనే మాట్లాడుతున్నాను.

పుట్టింది ఎక్కడో రేకుల షెడ్డులో. ఊరి పేరు నా అడుగున చీటీ మీద ఉండేది, బొద్దింకలు తినేశాయి. మొదట పాలకొల్లులో శుభలేఖలు అచ్చువేసే కొట్టులో చేరాను. కరెంటు పోయినప్పుడల్లా పెళ్ళికూతుళ్ళ పేర్లు సగంలో చెరిగిపోకుండా కాపాడాను. ఒక్క పెళ్ళికీ నన్ను పిలవలేదు. కొట్టు మూసేశాక దంగేటి వీరభద్రం మాస్టారు నన్ను ఇంటికి తెచ్చి, కంప్యూటరు బల్ల కింద, తన కుడికాలి పక్కన పెట్టుకున్నారు. అలా పద్నాలుగేళ్ళు గడిచాయి.

మాస్టారు హైస్కూల్లో సోషలు చెబుతారు, ఇంట్లో చక్రవర్తి. రాజ్యాలు కట్టే ఆటలు, సైన్యాలు నడిపే ఆటలు, మంత్రగత్తెలూ నిప్పులు కక్కే రెక్కల పాములూ తిరిగే ఆటలు పాతికేళ్ళుగా ఆడుతున్నారు. ఆడిన దానికంటే వాటి మీద అభిప్రాయాలు చెప్పిందే ఎక్కువ. గబగబా మౌసు నొక్కే ఆటలు ఆయన దృష్టిలో కోడిపందేలు. నీ వంతు, నా వంతు అంటూ ఆలోచించి ఆడేదే పెద్దమనుషుల ఆట. కొత్త ఆటలు సినిమా చూపిస్తాయి తప్ప ఆడనివ్వవు. కోట కట్టేవాడు ముందు గాదె కట్టాలి. మంత్రాలను నమ్ముకున్న రాజు బాగుపడడు. అన్నిటికంటే పెద్ద సూత్రం ఇంకొకటి ఉంది: ఆటను మధ్యలో సేవ్ చేసుకుని, ఓడితే మళ్ళీ అక్కడినుంచి మొదలెట్టేవాడు మనిషే కాడు.

ఈ అభిప్రాయాలన్నీ ఓపిగ్గా వినే మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు. పశువుల ఆసుపత్రి కాంపౌండరు, మాస్టారి చిన్ననాటి స్నేహితుడు కొల్లాబత్తుల ఇమ్మానుయేలు. ప్రతి ఆదివారం చర్చి నుంచి తెల్లచొక్కాతో తిన్నగా వచ్చేవాడు. ఒకే కంప్యూటరు ముందు ఇద్దరూ వంతులవారీగా ఒకరి రాజ్యం మీద ఒకరు దండెత్తుకునేవారు. ఇమ్మానుయేలుకు మంత్రగత్తెలంటే ఇష్టం.

"మంత్రాలకి చింతకాయలు రాల్తాయేంట్రా?" అనేవారు మాస్టారు.

"చూద్దాం రా, రాల్తే ఏరుకుందాం," అనేవాడు ఇమ్మానుయేలు.

మొదటి వేసవిలోనే రాలాయి. మూడు గంటలు వెనకేసిన మంత్రబలంతో ఇమ్మానుయేలు మంత్రగత్తె మాస్టారి గాదె తగలబెట్టి, సైన్యాన్ని కప్పలుగా మార్చి, కోట గుమ్మం దగ్గరికొచ్చింది. ఇంకొక్క వంతు. అప్పుడు నా ముఖాన ఏదో మెత్తగా తగిలింది. మాస్టారి కుడికాలి బొటనవేలు. అది నా మీటను గట్టిగా నొక్కి పట్టింది. నేను ఆరిపోయాను, నాతోపాటు కంప్యూటరూ ఆరిపోయింది. పైన ఫ్యాను మాత్రం హాయిగా తిరుగుతూనే ఉంది.

"ఛ! దిక్కుమాలిన యూపీఎస్! బ్యాటరీ చచ్చింది!" అన్నారు మాస్టారు.

"అయ్యో, పోన్లేరా," అన్నాడు ఇమ్మానుయేలు. నిజంగానే నా మీద జాలిపడి తడిగుడ్డతో తుడిచాడు కూడా. నాకు ఏడుపొచ్చింది. అరుద్దామంటే ఒంట్లో కరెంటు లేదు.

ఆ తర్వాత అదే ఆనవాయితీ అయింది. మాస్టారు గెలుస్తుంటే, నిజంగా కరెంటు పోయినా సరే, నేను ఇరవై నిమిషాలు మోసి గెలిపించాలి. ఓడుతుంటే బొటనవేలు దిగుతుంది. నా బ్యాటరీ ఎప్పుడూ బలంగా ఉండాలని ఇమ్మానుయేలుకు తెలియకుండా నాలుగుసార్లు కొత్తది వేయించారు. ఆ విధంగా మాస్టారు పద్నాలుగేళ్ళు ఓటమి ఎరగని చక్రవర్తిగా ఉన్నారు. నేనేమో వీధి వీధంతా ఎరిగిన చచ్చు యూపీఎస్‌ని.

ఈ రహస్యం మూడో ప్రాణికి తెలుసు. మాస్టారి భార్య నాగరత్నమ్మగారు ఒక ఆదివారం బల్ల కింద ఊడుస్తూ వేలిని చూశారు. అతిథి వెళ్ళాక అన్నారు: "అన్నయ్యగారు ఒక్కసారి గెలిస్తే మీ కిరీటం ఏమన్నా కిందపడిపోద్దేంటండీ?"

"నీకు యుద్ధతంత్రం తెలీదు," అన్నారు మాస్టారు.

నిరుడు వేసవిలో ఇమ్మానుయేలుకు రంపచోడవరం బదిలీ అయింది. ఆఖరి ఆదివారం ఒక అట్టపెట్టె మోసుకుంటూ వచ్చాడు.

"ఎల్లిపోయేలోగా నీ కోట మీద నా జెండా ఒక్కసారైనా ఎగరెయ్యాల్రా. మళ్ళీ ఎప్పుడు కూర్చుంటామో. అయినా ఈ డొక్కు యూపీఎస్‌తో నువ్వెంత ఇబ్బంది పడ్డావో నేను చూళ్ళేదా? అందుకే ఇది తెచ్చాను."

పెట్టెలో తెల్లగా మెరిసే కొత్త యూపీఎస్. కింద పెడితే దుమ్ము పడుతుందని దాన్ని ఇమ్మానుయేలే బల్ల మీద, తన మోచేతి పక్కన పెట్టి తగిలించాడు. నన్ను గోడ వారగా జరిపాడు. మాస్టారు థాంక్స్ చెబుతూ నా వైపే చూశారు.

ఆట మొదలైంది. మాస్టారు నిజంగానే బాగా ఆడారు. ఆయన అంత బాగా ఆడటం నేనెప్పుడూ చూడలేదు. అయినా నాలుగింటికల్లా మంత్రగత్తె కోట గుమ్మం ముందు నిలబడింది. కుడికాలు ముందుకు జరిగింది. బొటనవేలు నేనుండే చోటంతా వెతికింది. గచ్చు, గచ్చు, మళ్ళీ గచ్చు. నాగరత్నమ్మగారు టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఆ కాలినే చూస్తున్నారు. కోట మీద జెండా మారింది.

ఇమ్మానుయేలు ఎగిరి గంతేస్తాడనుకున్నాను. కళ్ళు తుడుచుకుని, "గెలిచాన్రోయ్," అని మెల్లగా అన్నాడు. తర్వాత మాస్టారి భుజం తట్టి, "పద్నాలుగేళ్ళకి ఒక్కటేలే. మిగతావన్నీ నీవే," అన్నాడు.

ఆ మాటకు మాస్టారు టీ కూడా తాగలేకపోయారు.

సాయంత్రం ఇమ్మానుయేలు బండి మీద ఇద్దరి మధ్యా నన్ను కూర్చోబెట్టుకుని పాత సామాన్ల కొట్టుకు తీసుకెళ్ళారు. కొట్టువాడు నన్ను కాలితో తన్ని, "చచ్చిన బ్యాటరీయేనా అండీ? ఈధంతా చెప్పుకుంటారుగా, దీనంత చచ్చు డబ్బా లేదని," అన్నాడు.

మాస్టారు మండిపడ్డారు.

"నోర్ముయ్! ఎవడ్రా చచ్చిందన్నది? పద్నాలుగేళ్ళలో ఒక్కసారైనా ఆగలేదు ఇది! ఒక్కసారంటే ఒక్కసారి కూడా!"

నా నింద పోయింది. అన్నాళ్ళూ ఎదురుచూసిన మాట, సాక్షుల ముందు, ఆయన నోటితోనే వచ్చింది. కానీ సంతోషించే తీరిక దొరకలేదు. ఇమ్మానుయేలు బండి స్టాండు వేసి మెల్లగా ఇటు తిరిగాడు. చాలాసేపు మాస్టారి ముఖంలోకి చూశాడు. ఆ చూపు చివర ఎక్కడో నవ్వు మొదలైంది.

"అయితే నేనెన్నిసార్లు గెలిచాన్రా? లెక్క చెప్పు."

చక్రవర్తి తలవంచుకుని, పాత ఇనుము మధ్యలో నిలబడి లెక్కపెట్టడం మొదలెట్టారు. ఒక చేతి వేళ్ళు అయిపోయాయి. రెండో చేతివీ అయిపోయాయి. ఆయన కిందికి, తన కాళ్ళవైపు చూశారు.