ఇసుకగాలి రోజున షాహినాజ్

ఖమాసీన్ ఇసుకగాలి పొద్దున్నుంచీ కైరో మీద విరుచుకుపడుతోంది. విమానాశ్రయం అద్దాల అవతల ఆకాశం పచ్చగా మురికిపట్టినట్టుంది. అస్వాన్ వెళ్ళాల్సినవాళ్ళు గేటు దగ్గర కిక్కిరిసిపోయారు. కౌంటరు వెనక షాహినాజ్ ఒక్కతే నిలబడి, "ఇంకో అరగంటండీ" అని అడిగినవాళ్ళందరికీ చెబుతోంది. అలాగే చెప్పమని సూపర్‌వైజర్ రవూఫ్ ఆజ్ఞ. ఆ మాట అబద్ధమని ఆమెకు తెలుసు. చెప్పిన ప్రతిసారీ నాలుక చేదెక్కుతోంది.

"ఏయ్ పిల్లా! చెవుడా నీకు?" సూటు వేసుకున్న ఇంజినీరు సబ్రీ కౌంటరు మీద దబదబా బాదాడు. "పొద్దుట్నుంచీ అదే అరగంట! మీ గడియారాలకి ముళ్ళు ఊడిపోయాయా?"

"దయచేసి కూర్చోండి సార్..."

"నువ్వు కూర్చో, నోరు మూసుకుని!" అంటూ బోర్డింగ్ పాసు ఆమె ముఖాన విసిరాడు. అది చెంపకు తగిలి నేలమీద పడింది.

ఇలాంటప్పుడు షాహినాజ్ ఎప్పుడూ వంగి కాగితం తీసిచ్చి, నవ్వు పులుముకుని, తర్వాత చాటుకు వెళ్ళి ఏడ్చేది. ఇవాళ వంగలేదు. మైకు అందుకుంది, అది పలకలేదు. బూట్లు విప్పి కుర్చీ ఎక్కింది.

"నా పేరు షాహినాజ్. ఇంతసేపూ మీకు అబద్ధం చెప్పాను, క్షమించండి. మీ విమానం ఇంకా లక్సర్లోనే ఉంది. ఈ దుమ్ములో లేవదు. మధ్యాహ్నపు అసర్ నమాజు వేళ దాటేదాకా ఆశ పెట్టుకోకండి. ఏదైనా తినండి, ఇళ్ళకి ఫోన్లు చేసుకోండి. కొత్త కబురు తెలియగానే నేనే వచ్చి చెప్తాను. మీరు మాత్రం నాతో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడండి."

అస్వాన్ పెద్దావిడ హాజ్జా ఫౌకియా లేచింది.

"నీ నోరు చల్లగుండ బిడ్డా! ఈ ముక్క ముందే చెప్పుంటే ఇంత గోలుండేదా?" అని సబ్రీ వైపు తిరిగింది. "ఏం బాబూ, వంగితే సూటు నలుగుతుందా? తియ్యి ఆ కాగితం!"

సబ్రీ చెవులు ఎర్రబడ్డాయి. వంగి తీసుకున్నాడు. "తప్పు నాదే షాహినాజ్ గారూ. సాయంత్రం మా అమ్మాయి నిశ్చితార్థం. ఇంట్లో ఏం చెప్పాలో తోచక నోరు పారేసుకున్నాను."

"ఉన్నదున్నట్టు చెప్పండి సార్, ఆగుతారు. మబ్రూక్, శుభాకాంక్షలు!" అందామె.

అంతలో రవూఫ్ రొప్పుతూ వచ్చాడు. "దిగు! ఎవర్నడిగి చెప్పావ్? రేపట్నుంచి నీ ఉద్యోగం..."

"ఆమె ఉద్యోగం జోలికొచ్చారంటే మేమెవ్వరం ఊరుకోం!" సబ్రీయే అడ్డం నిలబడ్డాడు. "ముందు ఈ జనానికి తిండీ నీళ్ళూ చూడండి."

"అవునవును!" గుంపంతా అరిచింది.

రవూఫ్ ఆ ముఖాలన్నీ చూశాడు. "సరే, సరే" అంటూ తనే పరిగెత్తాడు. ఫూల్ అనే ఉడికించిన చిక్కుడుగింజల ముద్ద పెట్టిన రొట్టెలూ టీలూ వచ్చాయి. షాహినాజ్ మధ్యమధ్య వచ్చి, మంచి కబురైనా చెడ్డ కబురైనా దాచకుండా చెప్పింది. ఎవరూ గొంతు పెంచలేదు.

ఎండ వాలే వేళకు గాలి తగ్గింది. లక్సర్ నుంచి విమానం వచ్చి దిగింది.

"అస్వాన్ వాళ్ళూ, రండి!" అని షాహినాజ్ కేకేసింది.

ఆడవాళ్ళు నాలుకలాడిస్తూ పెళ్ళిలోలా సంబరపు కూతలు పెట్టారు. హాజ్జా ఫౌకియా వచ్చి షాహినాజ్‌ని రెండు చెంపలమీదా ముద్దు పెట్టుకుంది. యూనిఫాం సంగతి మరిచి షాహినాజ్ కూడా, గేటు మారుమోగేలా ఒక కూత పెట్టింది.