మూత తీయొద్దన్న పీపా

మా ఆయన నాగేంద్రప్రసాద్ దజీజ్‌లో ఒక వెల్డింగ్ షాపులో పని చేస్తాడు. కువైట్‌లో ఎవరెవరి గేట్లకో, ఎవరెవరి మెట్ల కమ్మీలకో నగిషీలు దిద్దిన మనిషి, నాకు ఇంతవరకు గరిటె తగిలించుకునే కొక్కెం కూడా చేసిపెట్టలేదు. అలాంటివాడు షుఐబా రేవు తుక్కులో దొరికిన స్టీలు బీరు పీపానొకదాన్ని గోనెపట్టాలో చుట్టి తెచ్చి, పసిబిడ్డలా చూసుకోవడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండింది.

ముందు షాపులోనే దాంట్లో మిగిలిన గ్యాసు వదిలేసి, పైభాగం గుండ్రంగా కోశాడట. చెయ్యి పెట్టినా గీసుకోకుండా అంచు అరగదీశాడు. మడ్డి కిందే ఉండిపోవాలని కొళాయిని అడుగుకు రెండు వేళ్లు పైన అతికించాడు. ఫర్వానియాలో మా ఒంటి గదిలో, వంటగట్టు కింద పెట్టి, బీరు పులియబెట్టడానికి మాల్టు, చక్కెర, ఈస్టు అన్నీ పోసి మూత బిగించాడు.

“శుక్రవారం దాకా మూత తీయొద్దు మే. గాలి తగిల్తే పాడైపోతాది.”

“ఈ దేశంలో మందు చేస్తా పట్టుబడితే విమానం ఎక్కిస్తారు గదయ్యా. మన ఇఖామా కార్డు ఖలాస్, ఇంక ఇక్కడ ఉండనీరు.”

“ఎవురికి తెలుస్తాది? ఊరికే బెదరొద్దు నువ్వు.”

ఎవరికీ తెలియదట. పులిసిన వాసన తలుపు కిందనుంచి వరండాలోకి పోతోంది. లిఫ్టు ఆగిన చప్పుడైతే చాలు, చేతిలో పని వదిలేసి తలుపు దగ్గర నిలబడేదాన్ని. పనికి పోయిన ఇంట్లోనూ మనసంతా పీపా మీదే. ఆ ఇంటి యజమానురాలు, మామా, చక్కెర అడిగితే ఉప్పు డబ్బా ఇచ్చి తిట్లు తిన్నాను. గదికి రాగానే మూతకు చెవి ఆనించి వినేదాన్ని. లోపల బుడబుడమంటూనే ఉండేది. దానికీ నిద్ర లేదు, నాకూ లేదు.

గురువారం ఇక నా వల్ల కాలేదు. ఆయన పనికి పోగానే అంతా బాత్రూంలో పారబోశాను. చింతపండేసి తోమి, వేడినీళ్లతో కడిగాను. కడుగుతుంటే అంచు మీద వేళ్లు ఆగిపోయాయి. ఎంత నున్నగా చేశాడో. ఇంత పనితనం ఉండి నాకోసం ఒక్కటీ చేయలేదే అని ఏడుపొచ్చింది.

మా బిల్డింగులో బ్యాచిలర్లకు నేను దోసెపిండి రుబ్బి అమ్ముతాను. ప్లాస్టిక్ బకెట్లలో ఉన్న పిండంతా తెచ్చి పీపాలో పోసేశాను. ఆయనకు చెప్పలేదు. తనే మూత తీసి చూసుకోనీ, తిక్క కుదురుతుంది అనుకున్నాను.

శుక్రవారం ఆయన సీసాలకు మూతలు తెస్తానని బయటికి పోయాడు. ఇటు ఇఖామాలు చూడ్డానికి పోలీసులు బిల్డింగులోకి వచ్చారు. నా కార్డు చూస్తున్న పోలీసు ముక్కు ఎగబీల్చి, వంటగట్టు కిందికి వంగి పీపా మీద తట్టాడు. ఇదేంటని అరబ్బీలో అడిగాడు. పిండి అని నేను నోరు తెరిచేలోపు మా ఆయన గుమ్మంలోకి వచ్చాడు. పీపా దగ్గర పోలీసును చూడగానే ముఖం పాలిపోయింది. నేను సైగ చేస్తూనే ఉన్నాను. నన్ను చూస్తే కదా.

“అది నాది సార్,” అన్నాడు వచ్చీరాని అరబ్బీలో. “తెచ్చింది నేనే, చేసింది నేనే. ఆమెకేం తెలీదు. నన్ను పంపించేయండి, ఆమెను ఉండనీండి.”

పోలీసు మూత తీశాడు. పిండి తెల్లగా, నిండా పొంగి ఉంది. కొళాయి కొంచెం తిప్పితే బొట్టుబొట్టుగా జారి అతని బూటు పక్కన పడింది. వంగి వాసన చూశాడు. మా ఆయన్ను ఎగాదిగా చూశాడు.

“రొట్టెల పిండి కోసం దేశం వదిలి పోతాడా?” అని నన్నడిగాడు.

“భయస్తుడు, బాబా,” అన్నాను.

అతను నవ్వలేదు. కార్డు నా చేతిలో పెట్టి పక్క గదికి పోయాడు. నేను తలుపేశాను. మా ఆయన పీపా పక్కనే కూలబడ్డాడు. జేబులోంచి సీసా మూతలు నేలమీదికి దొర్లాయి.

“ఎప్పుడు పారబోస్తివి?”

“నిన్న.”

“ఒక్క మాట చెప్పకూడదా మే? నా పానం పోయింది.”

“నువ్వు ఆ మాట అంటావని నాకేం తెలుసు?” అని మూతలన్నీ ఏరి చెత్తలో పడేసి, పెనం పొయ్యి మీద పెట్టాను.

ఆయన కొళాయికి అంటిన పిండిని వేలితో తుడిచి, తిప్పి తిప్పి చూశాడు.

“ఇది సన్నం, పిండి దిగదు,” అన్నాడు తల ఎత్తకుండా. “రేపు షాపుకు తీస్కపోయి నీకు పెద్దది ఏస్తా.”