నాన్నా అని పిలిచినవాడు

రొట్టెల కొట్టు ముందు వరసలో నిలబడ్డ జనం మీద బాంబు పడిందన్న కబురు వచ్చేసరికి రుదైనా చేతిలో సగం తాగిన టీ గ్లాసు ఉంది. దాన్ని కిటికీలో పెట్టి, పట్టీల సంచి నడుముకు కట్టుకుని ఆసుపత్రి వాకిట్లోకి వచ్చేసింది. రొట్టె కోసం నిలబడ్డవాళ్ళ మీద వేశారే, వాళ్ళ చేతులు పడిపోను! నోరారా తిట్టుకుందామన్నా తీరిక లేదు, మొదటి వ్యాను అప్పుడే గేట్లోకి వచ్చింది.

ఆ వాకిట్లో ఆమె పని వైద్యం కాదు, ఎంచడం. మనిషికి అర నిమిషం. ఎర్ర పట్టీ కడితే నేరుగా ఆపరేషన్ గదికి. పసుపు కడితే కాసేపు ఆగొచ్చు. తమ కాళ్ళ మీద తాము నడిచొచ్చినవాళ్ళకి ఆకుపచ్చ. వాళ్ళు పోయి గోడ పక్కన కూర్చోవాలి. ఇక దక్కరనుకున్నవాళ్ళకి నల్లది కట్టి రేకుల పందిరి కింద పడుకోబెడతారు. ఉన్నది ఒక్క సర్జను, ఒక్క బల్ల. ఇరవై ఏళ్ళుగా నర్సుగా ఉన్న మనిషి, ఎవరికేది కట్టాలో ఆమె చేతులకే తెలుసు.

"అమ్మాయీ, నాకూ ఓ పట్టీ కట్టరాదూ, నడుం పడిపోయింది," అన్నాడు స్ట్రెచర్ దించుతూ అబూ ఫాయెజ్. అరవై దాటినా మోత మానని మనిషి.

"అంత నోరున్నవాళ్ళకి పట్టీ లేదు బాబాయ్. పద పద, ఇంకో వ్యాను వస్తోంది."

జనం మధ్యలోంచి ఆరేళ్ళ పిల్ల ఒకతె నడిచొచ్చింది. జుట్టు నిండా దుమ్ము, గుండెలకి హత్తుకున్న రొట్టెల దొంతర. ఒంటి మీద నెత్తుటి చుక్క లేదు.

"పేరేంటి బంగారం?"

"జుమానా."

"ఎక్కడన్నా నొప్పిగా ఉందా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. రుదైనా ఆకుపచ్చ పట్టీ కట్టి గోడ వైపు పంపేసింది. ఏడవలేదు, ఎంత బుద్ధిమంతురాలో అనుకుంది కూడా.

ఆ వెనకే ఇంకో వ్యానులో ఒకతన్ని తెచ్చారు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఛాతీ నుజ్జయిపోయింది, మణికట్టు దగ్గర నాడి అందడం లేదు. రుదైనా నల్ల పట్టీ తీసింది. ముడి వేస్తుంటే అతను, "నాన్నా... నాన్నా..." అన్నాడు.

పోయేముందు మగాళ్ళు అమ్మనో నాన్ననో పిలుస్తారు. ఎంతమందిని చూడలేదు ఆమె!

"మీ నాన్న వస్తాడు తమ్ముడూ, నీ దగ్గరికే వస్తున్నాడు," అంది.

అతను కాదన్నట్టు తల కదిపి ఆమె కోటు అంచు పట్టుకున్నాడు. రుదైనా ఒక్కో వేలూ విడిపించుకుని పక్క స్ట్రెచర్ దగ్గరికి పోయింది. ఆ తర్వాత ఇంకో పదిమందిని చూసింది. పందిరి కిందనుంచి అదే పిలుపు వినబడుతూనే ఉంది. పాపం, ఇంకా పోలేదు అనుకుంది.

అబూ ఫాయెజ్ వచ్చి ఆమె భుజం పట్టుకున్నాడు. ముఖంలో పరాచికం లేదు.

"అమ్మాయీ, నువ్వు నల్లది కట్టినవాడు, ఇద్రీస్ అట, వాళ్ళ నాన్నని పిలవడం లేదు. నిద్రపోకు నాన్నా, కళ్ళు తెరువు నాన్నా అంటున్నాడు. ఏ కొడుకైనా తండ్రితో అట్లా అంటాడా?"

మా వైపు తండ్రి బిడ్డని పిలిచేదీ ఆ మాటతోనే కదా! రుదైనానీ వాళ్ళ నాన్న పోయేదాకా అలాగే పిలిచాడు. దారిన పోయే ఎవర్నడిగినా చెబుతారు ఈ సంగతి, ఆ పూట ఈ మహాతల్లికి తట్టలేదంతే. ఇద్రీస్ చూపు ఎటుందో చూసింది. వాకిలి దాటి, గోడ వైపు ఉంది.

ఒక్క పరుగున పోయింది. జుమానా గోడకి చేరబడి ఉంది. పెదాలు తెల్లగా పాలిపోయాయి, పొట్ట చెక్కలా బిగిసింది. రుదైనా ఆ ఆకుపచ్చ పట్టీ పీకి పారేసి, పిల్లని ఎత్తుకుని, "ఎర్రది! ఎర్రది!" అని అరుస్తూ లోపలికి పరుగెత్తింది.

బల్ల మీదికి చేర్చేలోపే ఊపిరి ఆగిపోయింది. డాక్టర్ మొహిబ్ చాలాసేపు ప్రయత్నించాడు. "లోపలే రక్తం పోయింది. ఓ పావుగంట ముందు తెచ్చుంటే..." అన్నాడు.

రుదైనా బయటికి వచ్చి పందిరి కింద మోకాళ్ళ మీద కూర్చుంది. కనీసం చెయ్యి పట్టుకుని కూర్చోవాలి, ఇతన్ని ఒంటరిగా పోనివ్వకూడదు అనుకుంది. ఇద్రీస్ ఇంకా బతికే ఉన్నాడు.

"లేచిందా అక్కా?"

"లేచింది."

"ఏడుస్తోందా?"

"ఏడుస్తోంది. నిన్నే అడుగుతోంది."

అతని ముఖం విప్పారింది. అంతలోనే కోపం వచ్చింది.

"మరి ఇక్కడేం చేస్తున్నావు? పో, దాని దగ్గరుండు. కొత్తవాళ్ళంటే దానికి భయం."

"నీ దగ్గర ఎవరూ లేరు తమ్ముడూ, కాసేపు..."

"నాకేమొచ్చింది? నీకు పుణ్యముంటుంది, పో అక్కా!"

ఏం చెప్పి ఉండిపోతుంది? లేచి, అతను చూస్తుండగా లోపలికి నడిచింది. తలుపు చాటున గోడకి ఆనుకుని, నోట్లో తలగుడ్డ అంచు కుక్కుకుని ఏడ్చింది. బయటికి వస్తే, పిల్లనొదిలి ఎందుకొచ్చావని అడుగుతాడు. అందుకని అక్కడే నిలబడింది. ఆఖరికి అబూ ఫాయెజ్ లోపలికి వచ్చి, ఇద్రీస్ పోయాడనీ, ఆ సమయానికి పక్కన ఎవరూ లేరనీ చెప్పాడు.