పరిమళ అడిగిన ప్రశ్నలు

శుక్రవారం మధ్యాహ్నం. వైట్ టౌన్‌లో సుగంధి పనిచేసే బట్టల కొట్టులో బేరాలు పలచబడ్డాయి. కౌంటర్ వెనక కూర్చుని డబ్బా విప్పి, ఒక చేత్తో పెరుగన్నం తింటూ ఇంకో చేత్తో ఫోన్ తీసింది. పరిమళ ఏదో ఫొటో పంపింది.

నీలం గేటు. గేటు మీదికి వాలిన కాగితంపూల తీగ. గడప ముందు ముగ్గు. లాస్‌పేటలోని తన ఇల్లే. ఆ ముగ్గు పొద్దున అత్త జయమ్మాళ్ గుడికి బయల్దేరే ముందు వేసింది.

ఫొటో కింద, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు: "ఇల్లు వీడియోలో కన్నా బాగుంది అక్కా."

సుగంధి నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

పరిమళ ఎవరో ఆమెకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా ఆ క్షణం దాకా తట్టలేదు.

కొంతకాలంగా సుగంధి వంటల వీడియోలు పెడుతోంది. బడిలో అరవం చదివి, ఇంట్లో మాత్రం తెలుగు మాట్లాడుకునే తనలాంటి కుటుంబాలు కడలూరు నుంచి తిండివనం దాకా ఎన్ని ఉన్నాయో ఆ వీడియోల వల్లే తెలిసింది. "మా అవ్వ ఇట్లనే మాట్లాడేది" అని ఒకరు, "మన భాష వింటే కడుపు నిండింది" అని ఒకరు. వంటింట్లో మొదలైంది మెల్లగా ఇల్లంతా పాకింది. కొత్త స్కూటరు వచ్చినా వీడియోనే, కూతురు ప్రియా బడికి పోయిన మొదటి రోజూ వీడియోనే. వెనక తలుపు గడియ ఊడిపోతే జయమ్మాళ్ దాన్ని పాత చీర పేలికతో కట్టింది. అది చూసి జనం నవ్విన నవ్వు ఏ కూరకూ రాలేదు.

అందరికన్నా ముందు నవ్వేది పరిమళే. ఊరికే నవ్వి పోయేది కాదు, ఆప్యాయంగా అడిగేది. పాప ఏ బడి అక్కా? మీ అత్త ఏ గుడికి పోతారు? మీకు సెలవు ఎప్పుడు? సుగంధి అన్నిటికీ బదులిచ్చేది. అడిగే మనిషి ఉంటే చెప్పకుండా ఎట్లా ఉంటుంది?

ఒక్క విషయంలో మాత్రం ఆమె జాగ్రత్తగానే ఉంది. అలా అనుకుంది.

పిన్ని కూతురు రంజని మూడు నెలల కిందట విల్లుపురం నుంచి కట్టుబట్టలతో వచ్చేసింది. మొగుడు దామోదరన్ కొట్టిన దెబ్బకు ఒక చెవి సరిగా వినబడదు. ఫోన్ నంబరు మార్చుకుంది, ఇక్కడొక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీకి కుదిరింది. వచ్చిన రోజే ఒక మాట అడిగింది. "అక్కా, నా మొగం మాత్రం యాడా పెట్టొద్దు."

"నాకు తెలీదా ఏందే?" అంది సుగంధి. మాట నిలబెట్టుకుంది కూడా. రంజని ముఖం ఏ వీడియోలోనూ లేదు. కానీ మాగాయ పెడుతున్న రోజు పక్క గదిలోంచి, "అక్కా, నా ఛార్జర్ యాడ పెడితివి?" అన్న కేక వినబడింది. మళ్ళీ మొదటినుంచీ తీసే ఓపిక లేక సుగంధి దాన్ని అలాగే వదిలేసింది.

ఆ సాయంత్రమే పరిమళ అడిగింది. "ఎవరు అక్కా అది? గొంతు ముద్దుగా ఉంది."

"మా చిన్నమ్మ కూతురు. కొన్ని రోజులు మాతోనే ఉంటుంది" అని రాసింది సుగంధి. పక్కన ఒక పువ్వు బొమ్మ కూడా పెట్టింది.

ఇవాళ పొద్దున తను పేజీలో పెట్టిన మాట గుర్తొచ్చింది. 'అత్త సాయంత్రం దాకా గుడిలో, పాప బడికి, మా ఆయన హోసూరుకి, నేను కొట్టుకి. ఇల్లు హాయిగా నిద్రపోతా ఉంది.'

ఇంట్లో నిద్రపోతున్నది రంజని.

సుగంధి రంజనికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. డ్యూటీ నుంచి వచ్చి పడుకునేటప్పుడు రంజని ఫోన్ నోరు నొక్కేస్తుంది. మళ్ళీ చేసింది. చెయ్యి కడుక్కోకుండానే స్కూటరు తాళం అందుకుని, పక్కింటి అంగమ్మాళ్‌కి ఫోన్ కొట్టింది.

"పెద్దమ్మా, మా ఇంటికి పో. వెనక పక్కగా పో. రంజనిని లేపు."

"ఏందే, ఏమైంది?"

"దామోదరన్ వచ్చినట్టుండాడు. గేటు కాడ ఉండాడు. వెనక తలుపుకు గడియ లేదు పెద్దమ్మా, వానికి తెలుసు!"

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

ముత్యాలుపేట మీదుగా వచ్చానని తర్వాత చెప్పుకుంది కానీ, దారిలో ఏం చూసిందో ఒక్కటీ గుర్తులేదు. రాజీవ్ గాంధీ సిగ్నల్ దగ్గర ఎర్ర దీపం పడింది. చుట్టూ బస్సులు. ఆగినంతసేపూ పరిమళ అడిగినవన్నీ ఒకదాని వెంట ఒకటి చెవుల్లో మోగాయి. ఇప్పుడవి ఆడ గొంతుతో లేవు.

గేటు తీసే ఉంది. ముగ్గు మీద చెప్పుల అడుగు. ముందు తలుపు తాళం వేసినట్టే ఉంది. సుగంధి పక్క సందులోంచి వెనక్కి పోయింది. చీర పేలిక తెగి కింద పడి ఉంది.

వంటింట్లో, ఆమె వీడియోలు తీసుకునే గట్టు పక్కన, జయమ్మాళ్ పీట మీద దామోదరన్ కూర్చుని ఉన్నాడు. ఉతికిన తెల్ల చొక్కా. ఒళ్ళో ఆపిల్ పళ్ళ సంచి. పెళ్ళిలో చూసినప్పటికన్నా సన్నబడ్డాడు.

"రా వదినా" అన్నాడు, తన ఇంటికి ఆమె వచ్చినట్టు. "ఈ వంటిల్లు నాకు కొత్తగా లేదు. ఉప్పు డబ్బా యాడుందో కూడా చెప్తా."

సుగంధి గది తలుపు వైపు చూసింది. తెరిచి ఉంది. చాప మీద దుప్పటి కుప్పగా పడి ఉంది. మనిషి లేదు. అంగమ్మాళ్ ముందే వచ్చిందా, లేక ఇంకేమైనా జరిగిందా, అతని ముఖం చూస్తే ఏమీ తెలియలేదు.

"యాడుంది?" అన్నాడు దామోదరన్.

"లేదు. చెన్నైకి పోయింది. వారమైంది."

అతను నవ్వాడు. "నీకు అబద్ధం చెప్పడం రాదు వదినా. నెలలుగా నిన్నే చూస్తా ఉండా. పులుసులో ఉప్పెక్కువైతే కూడా దాచుకోలేవు." లేచి నిలబడ్డాడు. పళ్ళ సంచి గట్టు మీద పెట్టాడు. "నేను దొంగతనంగా రాలేదు. ఎవర్నీ దారి అడగలేదు. నువ్వే చూపించినావు. పిలు దాన్ని. లేదంటే ఊరికే కూర్చుంటా. పాప బడి నుంచి వస్తుంది గదా, దానితో ఆడుకుంటా."

పాప మాట వినేసరికి సుగంధి ఫోన్ పైకెత్తింది. బొటనవేలు అలవాటుగా లైవ్ గుర్తు మీదికి పోయింది. ఒక్క నొక్కు నొక్కితే వేలమంది చూస్తారు. వీడి ముఖం, వీడి మాటలు. వాడూ ఆ వేలు చూశాడు.

"పెట్టు" అన్నాడు మెల్లగా. "నా పెండ్లాం నీ ఇంట్లో ఉందని ఊరంతటికీ చెప్పు. నాకదే మంచిది."

సుగంధి వేలు వెనక్కి తీసుకుంది. ఫోన్ జాకెట్లో దోపుకుంది. ఇద్దరి మధ్యా గట్టు మాత్రమే ఉంది. వాడు దాన్ని చుట్టి ఒక అడుగు వేశాడు.

"ఒరే!" వెనక వాకిట్లోంచి కేక. అంగమ్మాళ్. చేతిలో కొబ్బరి మట్ట. ఆమె వెనక వీధిలోని ఆడవాళ్ళు, వంటపని మధ్యలో వచ్చినవాళ్ళు, ఒకామె చేతులకు ఇంకా పిండి. ఎవరూ లోపలికి రాలేదు. వాకిలికి అడ్డంగా నిలబడ్డారు, అంతే. "ఆ బిడ్డ మీద చెయ్యి పడిందా, నీ కాళ్ళు నీతో రావు. పోలీసుకు చెప్పినాం. కదలబాక."

దామోదరన్ మళ్ళీ పీట మీద కూర్చున్నాడు. పోలీసులు వచ్చేదాకా ఆడవాళ్ళు వాకిలి వదల్లేదు. వాడు ఒక ఆపిల్ తీసి చొక్కాకి తుడుచుకుంటూ ఉన్నాడు.

రంజని అంగమ్మాళ్ ఇంట్లో, బియ్యం మూటల వెనక, చెప్పులు లేకుండా కూర్చుని ఉంది. సుగంధి పోలీసు జీపు పోయాక అక్కడికి వెళ్ళింది. పట్టుకుని ఏడవలేకపోయింది. ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నేనే చెప్పినానే వానికి. ఎవరని అడిగితే మా చిన్నమ్మ కూతురని నేనే రాసిస్తిని."

"నా గొంతు విన్నాడా?" అంది రంజని. "ఇంక గొంతు కూడా దాచుకోవాల్నా అక్కా?"



కేసు రాశారు. స్టేషన్‌లో ఆడ ఇన్‌స్పెక్టరు దాపరికం లేకుండా చెప్పింది. కొన్నాళ్ళకు బెయిల్ మీద వస్తాడు, ఆ అమ్మాయి ఈ ఇంట్లో ఉండకపోతే మంచిది. ఆసుపత్రిలో పెద్ద నర్సు ఒకామె ఏదో ఊళ్ళో ఏర్పాటు చేసింది. తెల్లవారి కారు వచ్చింది. సుగంధి ఒక్కసారి కూడా ఎక్కడికని అడగలేదు. రంజని చెప్పలేదు. చెయ్యి మాత్రం కాసేపు గట్టిగా పట్టుకుంది.

తర్వాత ఎన్నో సాయంత్రాలు సుగంధి కూర్చుని వీడియోలు ఒక్కొక్కటే తీసేసింది. మాగాయ వీడియో మాత్రం ఎవరో ఎత్తుకుని తమ పేజీలో పెట్టుకున్నారు. తీసెయ్యమని అడిగితే ఇంతవరకూ బదులు లేదు. ఇప్పటికీ ఎక్కడో ఒక ఫోన్‌లో రంజని ఛార్జర్ అడుగుతూనే ఉంది.

వర్షాలు మొదలయ్యాక ఒక రోజు, కొట్టుకి ఒకామె వచ్చింది. కెంపురంగు చీర, చంకలో బిడ్డ. దుప్పట్లు చూస్తూ చూస్తూ సుగంధి వైపు తిరిగింది.

"మీరు వంటల అక్క కదా! గొంతు బట్టి పట్టేసినా. ఏమిటికి మానేసినారు? మీ చెల్లెలు ఒకామె ఉంది గదా, ఆమె బాగుందా? మీకాడే ఉందా?"

మంచి ముఖం. బిడ్డ ఆమె గొలుసు పట్టుకుని లాగుతోంది. ఊరికే అడిగిందో, ఎవరో అడగమంటే అడిగిందో, ఎంత చూసినా సుగంధికి తేలలేదు.

"నాకు చెల్లెళ్ళు ఎవరూ లేరమ్మా" అంది.

ఆమె తికమకపడి, నవ్వేసి, దుప్పటి వెల అడిగింది. సుగంధి చెప్పింది. దుప్పటి మడత పెట్టింది. మడత సరిగా కుదరలేదు. విప్పి మళ్ళీ మొదటినుంచీ పెట్టింది.