అరంగుళం తక్కువ

ఆ దర్జీ కొట్టులో కత్తెర భార్యది, మిషను భర్తది. కొలతలు తీసి గుడ్డ కత్తిరించేది ఆవిడే. ఆవిడ కత్తిరించినదాన్ని మళ్ళీ విప్పాల్సి వచ్చిందంటే వీధిలో ఎవరూ నమ్మరు. అలాంటిది, చర్చిలో పాటలు నేర్పే మాస్టారి కోటు మాత్రం మూడోసారి బల్ల మీదికొచ్చింది.

"ఇదేంటే, మళ్ళీ చంక దగ్గర పట్టేస్తోందంట. ఆయన ఒళ్ళేమైనా రోజుకో రకంగా పెరుగుతోందా?" అన్నాడు భర్త, సూదిలో దారం ఎక్కిస్తూ. ఆ మాటలో అనుమానం వీసమెత్తు లేదు. అదే ఆవిడకు చురుక్కుమంది.

కోటు తిరగేసి చూసింది. సుద్ద గీత తనదే. వదులు చేసిన ప్రతిసారీ అరంగుళం తక్కువే వదిలింది. పొరపాటు కాదు. బిగుతుగా ఉంటే మాస్టారు మళ్ళీ వస్తారు, చేతులు చాపి నిలబడతారు, సన్నగా ఏదో పాడతారు. మనసు అడిగింది, చెయ్యి గీసిపెట్టింది.

ఒళ్ళు మండింది, మాస్టారి మీద కాదు. 'పాట వింటే పాపమా' అని మనసు గునిసింది. 'నోర్ముయ్. నీ వేషాలు మా ఆయన చూడకపోయినా ప్రభువు చూస్తున్నాడు. ఈ కొట్లో నీ ఆటలు సాగవు' అని దానికి గడ్డి పెట్టింది. ఏడుపొచ్చింది. మాస్టారు రావాలని అప్పుడు కూడా అనిపిస్తూనే ఉంది. అనిపిస్తే అనిపించనీ అనుకుని, పళ్ళు బిగించి ప్రార్థన చేసుకుంటూనే కుట్టు విప్పింది. ఆ అరంగుళమూ వదిలి, చేత్తోనే కుట్టేసింది.

సాయంత్రం మాస్టారు వచ్చి కోటు తొడుక్కున్నారు. అతికినట్టు సరిపోయింది. అయినా చెయ్యెత్తి, "ఇక్కడ ఇంకోసారి చూడండి. మీ చెయ్యి పడితేగానీ నాకు తృప్తి ఉండదు," అన్నారు నవ్వుతూ.

"సరిగ్గానే ఉందండి. ఇంక చూసేదేం లేదు."

ఆవిడ తన మెడలోని టేపు తీసి భర్త మెడలో వేసింది. "ఇకమీదట మగవాళ్ళ కొలతలు ఈయన తీస్తారు."

మాస్టారి ముఖం చిన్నబోయింది. ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ తలెత్తలేదు.

"నాకు కొలతలు తియ్యడం రాదు కదే? తప్పితే?" అన్నాడు భర్త కంగారుగా.

"తప్పితే తప్పనివ్వండి. విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. అది గుడ్డేగా."