తడిగుడ్డ

"రుద్దడమేగా, దానికేమన్నా ఒళ్ళు అరిగిపోతుందా?" అన్నాడు మా ఆయన, అమ్మాయిని నా పక్కన కూర్చోబెడుతూ.

ఒళ్ళు సంగతి ఏమో గానీ వేళ్ళు అరుగుతాయి. పెళ్ళయిన మర్నాటి నుంచీ ఆయన చెక్కిన ప్రతి తలుపునూ నున్నగా చేసేది నేనే. వంట ముగించి, అంట్లు తోమి, మిగిలిన పొద్దంతా గరుకు కాగితంతో చెక్క నార వాలునే రుద్దుతాను. ఆయన ఉలి అడ్డదిడ్డంగా లేపిన పేళ్ళన్నీ నా చేతికిందే అణుగుతాయి. తలుపు చేయించుకున్నవాళ్ళు అరచెయ్యి ఆనించి చూసి, "మీ చెయ్యి వెన్నండీ" అంటారు ఆయనతో. నేను లోపల వాళ్ళకి టీ పెడుతుంటాను. ఒకసారి ఎవరితోనో "మా ఆవిడా కాస్త సాయం చేస్తుంది" అన్నాడు. అదే గొప్ప అనుకోమంది అత్తగారు. "చెక్కేది వాడైతే, తుడిచేదానికి పేరెందుకే?" అంది.

పోయినేడు అమ్మాయికి జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేశాను. ఏమీ తెలియలేదు. చెంప ఆనిస్తే గానీ పిల్ల ఒళ్ళు కాలిపోతోందని తెలియలేదు. ఆ రోజు నేను ఏడ్చింది పిల్ల జ్వరానికి కాదు, నా వేళ్ళకు.

అప్పటి నుంచి చెక్కనూ చెంపతోనే చూస్తున్నాను. అది ఆయన కంటపడింది. "నీ వేళ్ళు మొద్దుబారాయి. దానివి సన్నం, మూలల్లోకి దూరతాయి. ఈ వీధి తలుపుకి మంచి పేరొస్తే, సెలవులయ్యాక దాన్నిక బడికి పంపక్కర్లేదు" అన్నాడు. అత్తగారు తలూపింది. నన్నెవరూ అడగలేదు.

ఇవాళ ఆ తలుపు మీద ఆయన చెక్కిన పక్షి రెక్కల సందుల్లో కూడా నా కూతురు కాగితం మడిచి రుద్దింది. చెప్పకుండానే వాలు పట్టేసింది. గర్వమేసింది, ఆ వెంటే భయమేసింది. ఇక మిగిలింది ఒక్కటే పని. నున్నబడ్డ చెక్కను తడిగుడ్డతో తుడిస్తే అణిగి పడుకున్న నారంతా నిక్కబొడుచుకుంటుంది. ఆరనిచ్చి మళ్ళీ రుద్దితే ఇక లేవదు. అలా చెయ్యకపోతే ఇవాళ నున్నగానే ఉంటుంది, మొదటి వాన జల్లుకే గరుకు తేలుతుంది. ఈ సంగతి ఆయనకు తెలియదు. చెక్కి అవతల పడేశాక ఏం జరుగుతుందో ఆయనెప్పుడూ చూడలేదు.

బడులు తెరిచేలోపే వానలు పడతాయి. తలుపు మీద మాటొస్తే పిల్లకు చేతకాదంటారు. అననీ.

పిల్ల వేళ్ళ చివర్లు ఎర్రగా కందిపోయాయి. నీళ్ళ గిన్నె పక్కనే ఉంది, తడిపిన గుడ్డ నా చేతిలో ఉంది.

"ఇంకేమన్నా చెయ్యాలా అమ్మా?" అంది.

గుడ్డ గట్టిగా పిండి దండెం మీద ఆరేశాను.

"ఏం లేదమ్మా, అయిపోయింది. వెళ్ళి చదువుకో" అన్నాను.