అయిదో పాయింటు

మా వార్డుకు ఛాతీ దెబ్బతో ఎవరు వచ్చినా ముందు స్కోరు వేస్తాం. విరిగిన పక్కటెముకలకు కొన్ని పాయింట్లు, ఊపిరితిత్తి కమిలితే కొన్ని, వయసుకు కొన్ని. నాలుగు వస్తే వార్డులోనే ఉంచుతాం. అయిదు వస్తే ఐసీయూకి పంపాలి. అలాంటివాళ్లు మొదటిరోజు చక్కగా మాట్లాడతారు, తరవాత ఊపిరి అందక కూలబడతారు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే. నర్సింగ్ చదివి ఇక్కడ చేరాను.

మా పెదనాన్నకు నాలుగు వచ్చింది.

గోడౌన్‌లో ఆయన సరుకు ఎత్తే బండి నడుపుతాడు. మూటల వరస ఒరిగి మీద పడితే స్టీరింగుకీ సీటుకీ మధ్య నలిగాడు. కుడివైపు నాలుగు ఎముకలు విరిగాయి.

"మూటలకి నా మీద ప్రేమ పొంగుకొచ్చిందే. అన్నీ ఒక్కసారే కౌగిలించుకున్నాయి," అన్నాడు నన్ను చూడగానే. తనే నవ్వబోయి, కుడి డొక్క పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

డ్యూటీ డాక్టరు ఉద్యోగం కార్డులో యాభై ఏడు చూసి వయసుకు రెండు పాయింట్లు వేసింది. అరవై అయిదు దాటితే మూడు వేయాలి. పెదనాన్నకు అరవై ఏడు. గోడౌన్‌లో అరవై నిండగానే ఇంటికి పంపేస్తారు. అందుకే చేరినప్పుడే పదేళ్లు తగ్గించి చెప్పాడు. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే.

పెద్దమ్మను తెర అవతలికి తీసుకెళ్లాను. "అసలు వయసు చెప్పేద్దాం పెద్దమ్మా. ఐసీయూలో అయితే నొప్పి తెలియకుండా వెన్నులోకి మందిస్తారు, ఊపిరితిత్తుల్లో కఫం పేరకుండా దగ్గిస్తారు, కనిపెట్టుకుని ఉంటారు. ఇక్కడ ఇంతమందికి ఇద్దరమే నర్సులం."

"బాగానే ఉన్నాడు కదే! జోకులేస్తుంటేనూ."

"నా భయం కూడా అదే."

"నీకేం, భయపడి ఊరుకుంటావు. రేపు ఆ పని పోతే పొయ్యి ఎలా వెలగాలి? నువ్వు నోరు విప్పావంటే మా కడుపు మీద కొట్టినట్టే."

తెర వెనక మంచం మీదనుంచి పెదనాన్న గొంతు వినిపించింది. "ఏమే నర్సమ్మా, నా పదేళ్లూ నాకే తిరిగిచ్చేస్తావా? వద్దులేవే. కుర్రాడిలా ఉన్నాను, ఉండనీ."

ఊరుకున్నాను.

మర్నాటికి ఆయన దగ్గడం మానేశాడు. నొప్పికి జడిసి పైపైనే ఊపిరి తీస్తున్నాడు. ఊపిరి పీల్చి బంతులు లేపే గొట్టం చేతికిస్తే, మొదటి బంతి కదిలి ఆగిపోయింది. జోకులు కూడా లేవు.

రౌండ్స్‌కి పెద్ద డాక్టరు వచ్చాడు. కాగితం చూసి, "నాలుగే కదా, ఇక్కడే ఉండనివ్వండి," అని పక్క మంచానికి కదిలాడు.

అప్పటికే గోడౌన్ సూపర్‌వైజరు పలకరించడానికి వచ్చి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అతన్ని చూశాను. చూసి కూడా, ఇంకో రౌండు దాకా ఆగలేకపోయాను.

"సార్, ఆయనకి అరవై ఏడు. కార్డు తప్పు. మా పెదనాన్నే సార్."

"అరవై ఏడా?" అన్నాడు పెద్ద డాక్టరు, వార్డంతా వినపడేలా.

సూపర్‌వైజరు పెదనాన్న వైపు చూసి, వెంటనే తల దించేసుకున్నాడు. కాసేపటికి, "వస్తానండీ," అని లేచాడు. పెదనాన్న అప్పటికే మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

నాలుగు కొట్టేసి అయిదు వేశారు. ఐసీయూకి ఫోన్ చేశాను. మంచం ఖాళీ లేదు. ఏడు వచ్చినవాళ్లు ఇద్దరు క్యాజువాలిటీలో ఎదురు చూస్తున్నారు. ముందు వాళ్లు, తరవాతే మనం.

పెద్ద డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. "ఏడుని ఆపి అయిదుని పంపగలనా, నువ్వే చెప్పమ్మా," అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది. నొప్పి మందు కాస్త పెంచాడు.

సాయంత్రానికి ఆక్సిజన్ పెట్టాం. ముక్కుపుటాలు ఎగరేస్తున్నాడు. విరిగిన వైపు దిండు అదిమిపట్టి, "ఒక్కసారి దగ్గు పెదనాన్నా," అని బతిమాలాను. నా చెయ్యి తోసేయలేదు. నా వైపు చూడనూ లేదు.

పెద్దమ్మ పొద్దుటినుంచి నాతో మాట్లాడలేదు. ఇప్పుడు నా చెయ్యి పట్టుకుంది. "చెప్పేశావుగా తల్లీ. అయిందేదో అయింది. మరి ఇంక తీసుకెళ్తారా?"

లేచి వెళ్లి ఫోన్ ఎత్తాను. ఐసీయూ సిస్టర్ నా గొంతు గుర్తుపట్టి, నేను అడగకముందే, "ఇంకా లేదమ్మా," అంది.

పెద్దమ్మ మంచం దగ్గరినుంచి నా పెదవుల వంకే చూస్తోంది. ఫోన్ చెవి దగ్గర అలాగే పట్టుకుని నిలబడ్డాను.